గద్వాల నూలు పట్టు చీర: జరీ సంగతి తర్వాత, ముందు అతుకు చూడండి

గద్వాల చీర గురించి మాట్లాడేవారిలో చాలామంది జరీ దగ్గర మొదలుపెట్టి జరీ దగ్గరే ఆగిపోతారు. అంచు ఎంత వెడల్పు, కొంగు ఎంత నిండుగా ఉంది, జరీ అసలుదేనా అనే మూడు ప్రశ్నలతో బేరం పూర్తయిపోతుంది. గద్వాలలో ఒక నేతగాడు తన ఇంటి ముందుగదిలోనే నడుపుతున్న చిన్న అంగడిలో 9,500 రూపాయలకు ఈ చీర కొని, ఏడాదికి పైగా పేరంటాలకూ పండుగలకూ ఆఫీసుకూ కట్టి, ఉతికించి, ఇస్త్రీ చేయించిన మీదట నాకు కలిగిన అభిప్రాయం వేరు. నూలుతో నేసిన ఒంటి భాగం పట్టు అంచును కలుసుకునే సన్నని గీత ఒకటుంటుంది. ఈ చీర మంచిచెడ్డలన్నీ ఆ గీత దగ్గరే తేలిపోతాయి. కట్టినన్నాళ్ళూ మనకు సుఖమిచ్చేదీ, ఒక్కోసారి విసుగు పుట్టించేదీ అదే.

నేను తీసుకున్న చీర గంధం రంగు ఒంటికి వంకాయ రంగు అంచు, అదే రంగు కొంగు ఉన్నది. ఒంటి భాగం ఎనభయ్యో నంబరు నూలు. అంచులూ కొంగూ పట్టు. ఒంటి నిండా దూరదూరంగా చిన్న జరీ బుటాలు, అంచు మొదట్లో గోపురాల్లాంటి కోటకొమ్మలు. చేతిలోకి తీసుకోగానే బరువు లేదనిపిస్తుంది. కాంచీపురం పెళ్ళిచీర కట్టి భోజనాల వరుసలో గంట కూర్చున్నవారికి ఈ తేలికదనం విలువ వేరే చెప్పనక్కర్లేదు. పాతకాలంలో గద్వాల చీరను మడిచి అగ్గిపెట్టెలో పెట్టేవారని ఒక గొప్ప చెబుతుంటారు. నా చీర అగ్గిపెట్టెలో పట్టదు సరికదా, దాని కొంగు ఒక్కటీ పట్టదు. అయినా అంత జరీ ఉన్న చీర ఇంత సన్నగా మడత పడడం మాత్రం నిజం.

అంగడిలో చీరలు పరిచినప్పుడు నా చెయ్యి అలవాటుగా కొంగు మీదికి వెళ్ళింది. ఆ నేతగాడు దాన్ని సున్నితంగా పక్కకు జరిపి, "జరీ యాడికి పోతాదమ్మా, ముందు తిరగేసి చూడు" అంటూ అంచు వెనకవైపు నా వేలి కిందికి తెచ్చాడు. ఒంటి రంగూ అంచు రంగూ కలిసే చోట వెంట్రుకంత ఎత్తున ఒక గట్టు తగిలింది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుంటే గంధం రంగు పోగు ఒకటి వచ్చి వంకాయ రంగు పోగును చుట్టుకుని వెనక్కి తిరిగిపోవడం, దాని వెంటనే ఇంకొకటి, ఆపైన మరొకటి, చీర పొడవునా అలాగే కనిపించింది. అక్కడ సూదితో కుట్టింది ఏమీ లేదు. అంగళ్ళలో "కుట్టు" అని పిలిచేది, నేతవారు కుప్పడం అనేది ఈ పనితనాన్నే.

ఆ పని ఎలా జరుగుతుందో తెలిస్తేనే చీర ధర అర్థమవుతుంది. మామూలు చీరలో అడ్డపోగును మోసే నాడె ఒక్కటే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుగెడుతుంది కాబట్టి ఒంటి పేక, అంటే అడ్డపోగు, అంచులోకీ పోతుంది. అంచు పడుగు, అంటే నిలువు పోగు, ఎర్రగా ఉన్నా, పసుపుపచ్చని పేక కలిస్తే ఆ ఎరుపు నారింజ వైపు మొగ్గుతుంది. కుప్పడంలో మూడు నాడెలుంటాయి. ఎడమ అంచుకు ఒకటి, ఒంటికి ఒకటి, కుడి అంచుకు ఒకటి. ఒంటి నాడె అంచు దాకా వచ్చి, అక్కడి పోగుతో మెలిక వేసుకుని, వెనుదిరుగుతుంది. ప్రతి వరుసలోనూ రెండు వైపులా ఈ మెలిక చేత్తోనే పడాలి. అందుకే మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు, చాలా ఇళ్ళలో భార్యాభర్తలే. మెలిక పడే చోటును వరుస వరుసకూ కొన్ని పోగులు ముందుకూ మళ్ళీ వెనక్కూ జరుపుతూ పోతే అంచు ఒంటి మీదికి గోపురాల్లా పొడుచుకువస్తుంది. కోటకొమ్మలు అలా పుడతాయి. కొంగు దగ్గర ఇంకో చిక్కు ఉంది. అక్కడ పడుగే మారాలి, నూలు పోయి పట్టు రావాలి. ఆ రెండు పడుగులనూ పోగుకు పోగు చేత్తో కలుపుతారు. ఇలా చూస్తే గద్వాల చీర ఒక బట్ట కాదు. వేర్వేరుగా సాగే, వేర్వేరుగా ముడుచుకునే రెండు రకాల దారాలతో ఏకకాలంలో నేసిన మూడు నాలుగు బట్టలు ఒకటిగా కలిసి నిలవడం.

ఈ కలయికలోనే చీర గుణమూ ఉంది, దోషమూ ఉంది. ముందు గుణం చెబుతాను. మే నెల ఎండలో హైదరాబాదులో ఒక గృహప్రవేశానికి ఈ చీరే కట్టాను. నూలు ఒళ్ళు చెమటను పీల్చుకుంటుంది, ఒంటికి అతుక్కోదు. ఫోటోలో కనిపించే భాగమంతా, అంటే భుజం మీది కొంగూ కాళ్ళ దగ్గరి అంచూ పట్టే కాబట్టి, చూసేవారికి అది పట్టుచీరే. కుచ్చిళ్ళు పెట్టేటప్పుడు నూలు మడత పట్టి నిలుస్తుంది, జారదు. చివర పట్టంచుకు బరువుంటుంది కాబట్టి కుచ్చిళ్ళు నేలకు నిటారుగా నిలుస్తాయి. చీర కట్టడం కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయిలకు మెత్తని పట్టుకన్నా, బిరుసు నూలుకన్నా ఇది సులువుగా అమరుతుందని నా నమ్మకం. పిన్నులు తక్కువ పడతాయి. పిన్ను పెట్టక తప్పకపోతే దాన్ని అతుకు మీద మాత్రం గుచ్చవద్దు, అంచు మధ్యలో గుచ్చండి.

ఇక దోషం. నూలు నీళ్ళలో ముడుచుకున్నంతగా పట్టు ముడుచుకోదు. అమ్మేవాళ్ళు ఈ సంగతి అడిగితే తప్ప చెప్పరు. మొదటిసారి నీళ్ళలో తడిసిన తర్వాత ఒంటి భాగం కొంచెం కుదించుకుపోతుంది, అంచు అంతే పొడవున మిగిలిపోతుంది. మిగిలిన పొడవు ఎక్కడికి పోతుంది? అలలు అలలుగా లేస్తుంది. నా చీర తొలి ఉతుకులకు డ్రై వాష్‌కే వెళ్ళింది. వానలో తడిసిన ఒక సాయంత్రం తర్వాత మాత్రం కుచ్చిళ్ళ దగ్గరి అంచు జానెడు మేర అప్పడం అంచులా వంకర తిరిగింది. రోలింగ్‌కు ఇస్తే సరిపడింది గానీ పూర్తిగా పోలేదు. నేత బిగువు సరిగ్గా ఉన్న చీరలో ఈ అల సన్నగా లేచి, రోలింగ్‌తో అణుగుతుంది. బిగువు తప్పిన చీరలో అతుకు దగ్గర ముడతలు శాశ్వతంగా ఉండిపోతాయి. కొనేటప్పుడే చీరను బల్ల మీద ఒత్తకుండా వదులుగా పరిచి, అతుకు గీత రూళ్ళకర్ర గీసినట్టు ఉందా, లేక అక్కడక్కడ లోపలికి లాగినట్టు ఉందా అని చూడాలి. ఉతకక ముందే లాగినట్టు కనిపించే చీరను ఎంత తగ్గింపు ఇచ్చినా తీసుకోవద్దు.

గంజి విషయంలోనూ తగువే. నూలు గంజి కోరుతుంది, పట్టుకు గంజి పడదు. గంజిలో చీరంతా ముంచితే జరీ నల్లబడి, పట్టు అట్టలా తయారవుతుంది. అసలు పెట్టకపోతే ఒంటి భాగం పట్టుమని నాలుగు గంటలైనా నిలవకుండా నలిగిపోతుంది. మా అమ్మ తరం వారు అంచును చుట్టగా చుట్టి పైకెత్తి పట్టుకుని, ఒంటిని మాత్రమే పలుచని గంజిలో ముంచి తీసేవారు. ఇద్దరు మనుషులు, ఖాళీ మధ్యాహ్నం ఉంటే ఇప్పటికీ అదే మంచి పద్ధతి. లేనివారు డ్రై వాష్ అంగడిలో ఒంటికి మాత్రమే స్టార్చ్ చల్లించి రోలింగ్ చేయించుకోవచ్చు. ఇస్త్రీ కూడా ఇంట్లో చేస్తే తిరగేసి, ఒంటికి ఒక వేడి, అంచుకు తగ్గించిన వేడి పెట్టాలి. వీధి చివరి ఇస్త్రీ బండికి ఇచ్చేవారు ఈ మాట ప్రతిసారీ చెప్పే ఓపిక ఉంటేనే ఇవ్వాలి.

ఫాల్ కుట్టించేటప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఫాల్ గుడ్డ కూడా నూలే కాబట్టి ముందే తడిపి ఆరబెట్టి కుట్టించాలి. దాని వెడల్పు అంచు వెడల్పును మించకూడదు. మించితే ఫాల్ కుట్టు సరిగ్గా అతుకు మీదో, దాన్ని దాటి నూలు మీదో పడుతుంది. అప్పుడు మూడు రకాల గుడ్డలు మూడు రకాలుగా లాగుతాయి. నా చీర అంచు వెడల్పైనదే కాబట్టి ఈ ఇబ్బంది రాలేదు. సన్నంచు గద్వాల కొనేవారు దర్జీకి సన్న ఫాల్ అడిగి మరీ వేయించుకోవాలి.

జరీ గురించి ఒక్క మాట కూడా చెప్పకపోతే ఈ సమీక్ష చదివేవారు ఒప్పుకోరు. ఈ ధరలో వచ్చేది టెస్టెడ్ జరీ, అంటే రాగి తీగకు పూత వేసినది. వెండి తీగకు బంగారు పూత పూసిన అసలు జరీ కావాలంటే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంగడివాడు ఈ తేడాను తానే చెప్పాడు, బిల్లులోనూ రాశాడు. అందుకు అతనికి మంచి మార్కులు వేయాలి. ఏడాది తర్వాత నా చీర జరీ మొదటి మెరుపు తగ్గి కొద్దిగా ఎర్రబారింది. నాకైతే ఇదే నచ్చింది, పెళ్ళి మండపం కళ పోయి ఇంటి కళ వచ్చింది. నచ్చనివారు ముందే తెలుసుకుని కొనుక్కోవాలి. ఇబ్బంది మెరుపుతో కాదు, బుటాల వెనక వదిలిన జరీ పోగులతో వచ్చింది. అవి కాలి మట్టెలకూ గాజుల అతుకులకూ తగులుకుంటాయి. ఒక బుటా సగం లేచిపోయింది కూడా. బుటాలు లేని సాదా ఒంటి చీర తీసుకుంటే ఈ బాధ ఉండదు, ధరా తగ్గుతుంది. నా దృష్టిలో గద్వాల అందమంతా అంచూ కొంగే. ఒంటి మీద బుటా లేకపోయినా లోటు తెలియదు.

జాకెట్టు ముక్క మాత్రం నిరాశపరిచింది. చీర ఒంటి నూలే, ఒక పక్క అంచుతో, చేతులకు తప్ప దేనికీ చాలని జరీతో ఇచ్చారు. లేత రంగు నూలు కావడం వల్ల పలుచగా ఉండి, లైనింగు తప్పనిసరైంది. చీరకూ ఇదే వర్తిస్తుంది. లేత రంగు ఒళ్ళు తీసుకుంటే లోపలి పావడా సరిగ్గా అదే రంగులో ఉండాలి, లేకపోతే రంగు బయటికి తెలిసిపోతుంది.

గద్వాల కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో ఉంది. హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్ళే జాతీయ రహదారి మీద ఎర్రవల్లి చౌరస్తాలో దిగి లోపలికి వెళ్ళాలి. రాజోలి, అయిజ వైపు ఊళ్ళలోనూ మగ్గాలున్నాయి. నిజాం కాలంలో ఇది సంస్థానం. సంస్థానాధీశులు ఇక్కడి నేతగాళ్ళను కాశీకి పంపి అక్కడి జరీ పని నేర్పించారని చెబుతారు. కొంగు మీది పూలతీగలు చూస్తే ఆ మాట నమ్మాలనిపిస్తుంది. తిరుమల వేంకటేశ్వరస్వామికి బ్రహ్మోత్సవాల వేళ సమర్పించే ఏరువాడ జోడు పంచెలు నేటికీ గద్వాల మగ్గాల మీదే, నియమనిష్ఠలతో, 11 గజాల పొడవున, పెద్ద అంచులతో, కోటకొమ్మలతో నేస్తారు. దేవుడి పంచెకూ నా చీరకూ అంచులో అదే కొమ్మ ఉండడం అమ్మేవారికి మంచి కబురు. అంగట్లో ఆ కథ చెప్పి వెయ్యి రూపాయలు పెంచే ప్రయత్నమూ చేస్తారు, ఊరికే నవ్వేసి ఊరుకోండి.

ఈ డబ్బుతో ఇంకేమి కొనవచ్చన్నది న్యాయమైన ప్రశ్నే. పక్కనే ఉన్న నారాయణపేట చీర ఇంతకన్నా చాలా చవక, రోజువారీ కట్టుకు గట్టిది. దాని గళ్ళూ సాదా అంచూ వేరే అందం. పోచంపల్లిలో పనంతా నేతకు ముందే, దారానికి ముడులు కట్టి రంగు అద్దడంలోనే జరిగిపోతుంది. 2005లోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆ చీరలో రంగుల ఆట చూడాలి గానీ కుప్పడం అంచు కోసం వెతకకూడదు. వెంకటగిరి, ఉప్పాడ చీరల్లో చూడవలసింది జాందానీ పని. ఒంటి మీది పూవును విడి పోగుతో చేత్తో దూర్చి నేస్తారు కాబట్టి వెనకవైపూ శుభ్రంగా ఉంటుంది, మట్టెలకు తగిలే బాధ తక్కువ. కర్ణాటకలోని ఇళకల్ చీర గద్వాలకు దగ్గర చుట్టం. అక్కడా నూలు ఒంటికి పట్టు కొంగును పడుగు పోగుల మెలికతో కలుపుతారు. కాంచీపురంలో ఇదే మూడు నాడెల అతుకును పూర్తి పట్టు మీద చేస్తారు. రెండు వైపులా పట్టే కాబట్టి ముడుచుకోవడంలో తేడా రాదు, అతుకు ఎక్కువ కాలం చదునుగా ఉంటుంది. ఆ నిశ్చింత కావాలంటే గద్వాలలోనూ ఒంటికీ అంచుకూ పట్టే వాడిన చీర దొరుకుతుంది. కానీ ఎండాకాలపు సుఖం వదులుకోవాలి, ధర కూడా రెట్టింపు దాకా పోతుంది. నన్ను అడిగితే నూలు పట్టే తీసుకోమంటాను.

నకిలీ గురించి చెప్పక తప్పదు. నగరంలోని ఒక పెద్ద బట్టల దుకాణంలో "గద్వాల" అని చీటీ అంటించిన చీరలు 2,200 రూపాయలకు గుట్టలుగా కనిపించాయి. దూరం నుంచి కోటకొమ్మలు కూడా ఉన్నాయి. తిరగేస్తే అతుకే లేదు. ఒకే పేక ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయింది, కొమ్మలు మగ్గానికి తగిలించే జకార్డు పరికరంతో తెప్పించినవి, వెనక కత్తిరించిన పోగుల కుచ్చు. అంచు రంగులో ఒంటి రంగు కలిసి మసకబారి ఉంది. కొంగు చివరి పోగు ఒకటి అడిగి తీసుకుని బయట అగ్గిపుల్లకు అంటిస్తే కరిగి పూసలా ముద్ద కట్టింది. పట్టైతే కాలిన వెంట్రుక వాసన వచ్చి బూడిద నలిగిపోవాలి, నూలైతే కాగితం కాలినట్టు ఉండాలి. అది మరమగ్గం మీది పాలిస్టర్. చవక చీర కట్టుకోవడంలో తప్పేమీ లేదు, దానికి గద్వాల పేరు పెట్టడమే తప్పు. 1985లోనే పార్లమెంటు కొన్ని రకాల నేతను చేనేతకే ప్రత్యేకించి చట్టం చేసింది, 2006లో చేనేత గుర్తు చీటీ వచ్చింది. అయినా చీటీని నమ్మడం కన్నా చీరను తిరగేయడం సులువు. చేత్తో నేసిన చీర రెండు అంచుల చివరా, బట్ట ముడుచుకోకుండా మగ్గం మీద అడ్డంగా బిగించే కర్ర సూదులు చేసిన సన్నని చిల్లులు వరుసగా కనిపిస్తాయి. కోటకొమ్మలు అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే ఎత్తున ఉండవు. నా చీరలో ఒక చోట రెండు కొమ్మల మధ్య సందు మిగతావాటికన్నా కొంచెం వెడల్పు. బహుశా మధ్యాహ్న భోజనానికి లేచి వచ్చిన తర్వాత నేసిన వరుస అయ్యుంటుంది.

ధర మాటకొస్తే, ఇదే రకం నేత, ఇంచుమించు ఇదే అంచున్న చీరకు హైదరాబాదులో ఒక దుకాణం 14,000 అడిగింది. గద్వాలలో కొంటే తేడా మిగులుతుంది గానీ ప్రయాణం ఖర్చు కలిపితే ఒక్క చీర కోసం వెళ్ళడం లాభం కాదు. ఇంట్లో పెళ్ళి ఉండి నాలుగైదు చీరలు కావలసినవారికి ఆ దారి మంచిది. మగ్గం మీద ఉన్నదాన్ని చూడవచ్చు, రంగు మార్చి చెప్పవచ్చు, అంచు వెడల్పు అడగవచ్చు. అంగడిలో నన్ను తొందరపెట్టలేదు, చూపిన చీరలన్నీ విప్పి పరిచారు, కొననివాటిని విసుక్కోకుండా మడిచారు. తిరిగి ఇవ్వడం మాత్రం లేదని ముందే చెప్పారు. కార్డు తీసుకోరు, యూపీఐ తీసుకుంటారు.

మళ్ళీ కొంటానా అంటే కొంటాను. ఆ నేతగాడికి ఇప్పటికే చెప్పి ఉంచాను కూడా. ఈసారి బుటాలు లేని ముదురాకుపచ్చ ఒంటికి మిరపపండు రంగు రుద్రాక్ష అంచు, జాకెట్టు ముక్క కూడా పట్టుతోనే. శ్రావణ మాసం గిరాకీ మొదలైతే మగ్గాలు దొరకవని, వానలు గట్టిగా పడితే గుంట మగ్గాల్లో చెమ్మ చేరి పని మందగిస్తుందని అతను ముందే హెచ్చరించాడు. వరలక్ష్మీ వ్రతానికి కావలసినవారు వైశాఖంలోనే రంగులు తేల్చుకుని బయానా ఇవ్వడం మంచిది.